ఆఖరి నాలుగడుగుల అన్సెల్మో

అన్సెల్మో రుపెల్ గురించి ఎవరైనా మంచిమాట చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈమధ్య అలా చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న కొండ మీది బసలో, బ్యూనస్ ఏరిస్ నుంచి స్కీలు మోసుకుని వచ్చిన ఒక అమ్మాయి వాడిని చూపించి, "ఆ ముసలాయన ఎంత మర్యాదస్తుడండీ" అంది. తింటున్న రొట్టె నా గొంతుకు అడ్డం పడింది. ఇదంతా రాయడానికి కూర్చున్నది అందుకే. వాడి మర్యాద ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది పుట్టినప్పుడు నేను వాడికి ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

వాడు అర్జెంటీనా కొండల్లో ఉన్న మా బరిలోచెలోనే పుట్టాడు. కవలల్లో ఒకడు. చెల్లెలు బెయాత్రిస్ కంటే కాస్త ముందు భూమ్మీద పడ్డాడు, ఆ సంగతిని తను సాధించిన ఘనకార్యంలా ఇప్పటికీ చెప్పుకుంటాడు. బెయాత్రిస్‌ని అడిగితే, "లోపల కూడా మోచేత్తో పొడిచే వచ్చాడు" అంటుంది. బడిలో గంట కొట్టగానే తలుపు దగ్గర ముందుండేది వాడే. చదువులో మాత్రం ఆ తొందర ఎప్పుడూ చూపించలేదు. పెద్దయ్యాక సరస్సులో తిరిగే పడవలకు టిక్కెట్లు అమ్మే కిటికీ వెనక కూర్చున్నాడు. రిటైరయ్యేదాకా అక్కడే. వరుసలో నిలబడ్డ జనాన్ని జీవితమంతా చూసిన మనిషి, తను మాత్రం ఏనాడూ వరుసలో నిలబడలేదు. మా స్నేహితుడు గోర్దో బేకరీకి వస్తే, "ఒక్క మాట అడిగి పోతా" అంటూ అందర్నీ తోసుకుని ముందుకు దూరేవాడు. ఆ ఒక్క మాటా ఏమిటంటే, "అర డజను తీపి రొట్టెలు కట్టు."

మరి అలాంటివాడిని పక్కన పెట్టుకుని ఎందుకు తిరిగారని మీరు అడగొచ్చు. ఏం చెయ్యమంటారు? మా వైపు అక్టోబరు వచ్చి చలికాలం పోయిందంటే ఊళ్ళోవాళ్ళు స్కీలు అటకెక్కిస్తారు. మాకు అసలు పని మొదలయ్యేది అప్పుడే. ఎండా మంచూ కలిసే ఆ వసంతంలో కొండ ఎక్కి దిగే పిచ్చి ఉన్నవాళ్ళు మా ఈడువాళ్ళలో నలుగురమే మిగిలాం. నేలిదా అనే నేను, బేకరీ నడిపే గోర్దో, మా అందరికంటే పెద్దవాడు రెమో జనెత్తి, వీడు. పిచ్చి విషయంలో మనుషుల్ని ఏరుకునే వీలుండదు.

మేం ఎక్కేవి కనలేతాలు. అంటే రెండు రాతిగోడల మధ్య నిట్టనిలువుగా పైకి పోయే మంచు సందులు. రాత్రి చలికి గట్టిపడ్డ మంచు మీద తెల్లారకముందే ఎక్కాలి. పొద్దెక్కి, పైపైన వేలెడు లోతు మెత్తబడగానే దిగాలి. తొందరపడి దిగితే గాజు మీద దిగినట్టే. ఆలస్యం చేస్తే గోడలు వదులై రాళ్ళు రాలుతాయి, కాళ్ళ కింద మంచే జారిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాసేపే మనది.

ఎక్కేటప్పుడు ముందున్న మనిషి బూటు ముక్కుతో మంచును తన్నుకుంటూ మెట్లు చేసుకుపోవాలి. వెనకవాళ్ళు ఆ మెట్లలోనే కాళ్ళు వేస్తారు. ముందువాడి తొడలు మండిపోయాక పక్కకు తప్పుకుని చివరికి వెళ్తాడు, తర్వాతి మనిషి అందుకుంటాడు. పైన అంచు మీద ముందు ఎవరి కాలు పడితే, దిగడంలో మొదటి వంతు వాళ్ళది. ఎవరూ తాకని మంచు మీద మొదటి గీత గీసే భాగ్యం అది. అందుకే బాగా కష్టపడ్డవాడిని ఆఖర్లో ముందుండనిచ్చి, మిగతావాళ్ళు కావాలనే అడుగు తగ్గిస్తారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. చూసి తెలుసుకోవాలి.

అన్సెల్మో వంతు దగ్గర పడుతోందంటే వాడి బూటు పట్టీ ఊడిపోయేది. "మీరు కానివ్వండి, ఇప్పుడే వచ్చేస్తా" అని వంగి కూర్చునేవాడు. మేం ముగ్గురం మార్చి మార్చి తన్ని, ఊపిరి అందక నోళ్ళు తెరుచుకుని, అంచు కనబడే దాకా వెళ్ళేసరికి ఆ పట్టీ దానంతటదే బిగుసుకునేది. వెనక నుంచి చక్కగా నడిచొచ్చి, "అలిసిపోయావు పెద్దాయనా, కాస్త తప్పుకో, నేను అందుకుంటా" అనేవాడు. ఎంత దయ. ఆ మిగిలిన నాలుగడుగులూ తన్ని, అంచెక్కి, రెండు చేతులూ పైకెత్తేవాడు. గోర్దో వాడికి ఆఖరి నాలుగడుగుల అన్సెల్మో అని పేరు పెట్టాడు. వాడు అది పొగడ్త అనుకున్నాడు.

మాతే అనే మా ఆకు కషాయం దగ్గరా ఇదే వరస. సొరబుర్రలో ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతాం కదా. మొదటి బుర్ర చేదు విషం. ఆకు పొడంతా గొట్టంలోకి వస్తుంది, చల్లటి ఆకు తగిలి నీళ్ళు కూడా గోరువెచ్చనైపోతాయి. అందుకే దాన్ని పోసినవాడే తాగేసి, రెండోది నుంచి పక్కవాళ్ళకు ఇస్తాడు. పాలుతాగే పిల్లలు తప్ప మా వైపు ఈ మర్యాద తెలియనివాళ్ళు లేరు. మా నలుగురిలో ఎప్పుడూ పోసేది రెమో. అన్సెల్మో తన జన్మలో ఒక్కసారి కూడా పోయలేదు. రెండో బుర్ర తయారయ్యే క్షణానికి సరిగ్గా రెమో పక్కన చేరి చెయ్యి చాపేవాడు.

"నువ్వు పోస్తే ఏమవుతుందిరా?" అని ఒకసారి గోర్దో అడిగాడు.

"నాకు చెయ్యి తిరగదు. రెమో చేతి రుచి ఎవరికొస్తుంది?" అన్నాడు, గొట్టం నోట్లోంచి తియ్యకుండానే.

రెమో నవ్వి ఊరుకున్నాడు. అతను అన్నింటికీ నవ్వి ఊరుకునేవాడు. అన్సెల్మో మీద నాకున్న కోపంలో సగం నిజానికి రెమో మీదిదే.

ఇక ఆ కనలేతా సంగతి. కొండ మీది బసలో వంటింటి కిటికీ తెరిస్తే, సరస్సు అవతల గోడలో కత్తితో గీసినట్టు ఒక తెల్లని గీత కనబడుతుంది. రెమో భార్య ఇర్మా ఆ వంటింట్లో ఏళ్ళ తరబడి బసకొచ్చిన వాళ్ళందరికీ వండిపెట్టింది. గిన్నెలు తోముతూ రోజూ ఆ గీతను చూసేది. అందులో స్కీల మీద దిగిన మనిషి లేడు. మధ్యలో ఒక బండ అడ్డం ఉంది, మామూలు ఏడాదిలో దాని మీద మంచు నిలవదు. "నువ్వు దాన్ని చూస్తూ చూస్తూ ముసలాడివైపోతావు రెమో, అది మాత్రం అక్కడే ఉంటుంది" అని ఎక్కిరించేది. ఆవిడ పోయాక కూడా రెమో దాన్ని చూస్తూనే ఉన్నాడు. మా దగ్గర, కనలేతాలో మొదట దిగినవాళ్ళే దానికి పేరు పెడతారు. రెమో ఏ పేరు దాచుకున్నాడో అందరికీ తెలుసు.

ఆ ఏడు ఎన్నడూ లేనంత మంచు పడింది. బండ మునిగిపోయింది. అదే ఏడు రెమో తుంటి ఎముక పూర్తిగా అరిగిందని డాక్టరు తేల్చాడు. వేసవిలో ఆపరేషను, ఆ తర్వాత స్కీలు ముట్టుకోవద్దు. అంటే రెమోకి ఆ వసంతం ఒక్కటే మిగిలింది.

ముందు రోజు బసలో కూర్చుని రొట్టె పొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు, మా మిలనేసాలు, చల్లారినవే తింటున్నాం. గోర్దో అందరి ముందూ అడిగాడు. "రేపు ముందు దిగేది రెమో. అవునా కాదా?"

"అందులో మాటేముంది?" అన్నాడు అన్సెల్మో. కాసేపు నమిలి, "పేరు మొదట దిగినవాడే పెట్టాలని రూలేం లేదుగా? మాట వరసకి అడుగుతున్నా" అన్నాడు.

"రూలే" అన్నాను.

"సరే సరే. అడిగానంతే."

తెల్లారకముందే బయల్దేరాం. మంచు రాయిలా ఉంది, బూట్లకు కట్టిన ఇనుప పళ్ళు కిర్రుమంటున్నాయి. అన్సెల్మో పట్టీ ఆనవాయితీ ప్రకారం ఊడింది. మెట్లలో చాలావరకు రెమోయే తన్నాడు, మేం అందుకుంటామన్నా వినలేదు. ఒక్కో తన్నుకీ తుంటి లోపల ఏం జరుగుతోందో అతని దవడ చూస్తే తెలిసేది. పైన రెండు రాతి కొమ్ముల మధ్య కనుమ కనబడింది. ఇక గట్టిగా నాలుగడుగులు. అక్కడ రెమో ఆగి, మంచుగొడ్డలి మీద వాలి, కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి తీసుకోవడానికే. మేమూ ఆగాం.

పక్క నుంచి అన్సెల్మో వచ్చాడు. "పాపం నీ తుంటి, పెద్దాయనా. నువ్వుండు, నేను మెట్లు చేసి పెడతా" అన్నాడు. రెమో కళ్ళు తెరిచేసరికి వాడు కనుమలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు.

మేం పైకి చేరాం. గోర్దో మొహం కందగడ్డలా అయింది.

"దిగు" అన్నాడు.

"ఎక్కడికి?"

"వెనక్కి. ముందు రెమో కాలు పెడతాడు."

"పెట్టేశానుగా. ఇప్పుడేం చెయ్యమంటావు, కాలు నరుక్కోమంటావా? ఆచారం అందరం కలిసి పెట్టుకున్నదే."

"నిన్న ఏం కూశావురా?"

"అన్నాను, కాదన్లేదు. కానీ ఆయన పరిస్థితి చూడు. ముందు నేను దిగి మంచు ఎలా ఉందో చూస్తా. ఆయన మంచికే కదా."

ఎవరి మంచికో వాడి మొహం చెబుతూనే ఉంది. వాడి కళ్ళు అప్పటికే ఆ కనలేతాకి రుపెల్ అని పేరు పెట్టేసి, ఊళ్ళో వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాయి.

రెమో రాతికి వీపు ఆనించి కూర్చుని, సంచిలోంచి ఫ్లాస్కు తీసి, బుర్ర నింపాడు. మొదటిది తను తాగాడు. రెండోది అన్సెల్మోకి ఇచ్చాడు. వాడు తీసుకున్నాడు.

"ఎందుకు ఊరుకుంటావు?" అని రెమోని అడిగాను.

"కొండ మీద కొట్టుకుంటామా నేలిదా" అన్నాడు.

ఎండ వచ్చింది. ముందు గోడల మీద, తర్వాత మంచు మీద. రెమో లేచి, అంచు దగ్గర స్కీ కర్రతో మంచును గీసి చూశాడు. పొడిపొడిగా, ఉప్పు రవ్వలా లేచింది. "ఇప్పుడే" అన్నాడు. "వెళ్ళు అన్సెల్మో."

అన్సెల్మో స్కీలు తొడిగాడు. అంచు దాకా జరిగాడు. కిందకు చూశాడు.

ఎక్కేటప్పుడు కళ్ళు బూటు ముందున్న మెట్టు మీదే ఉంటాయి. పైన నిలబడి చూస్తేనే తెలుస్తుంది, స్కీల కొసల అవతల నేల అనేదే లేదని. రెండు నల్లటి గోడలు, వాటి మధ్య తెల్లగా కిందకు పోతున్న బావి, ఎక్కడో అడుగున గోరంత సరస్సు. వాడి మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. నాకు జాలి వేసిందని అబద్ధం చెప్పను. హాయిగా అనిపించింది.

వాడి పట్టీ ఊడింది. బిగించుకున్నాడు. కళ్ళద్దాలు మసకబారాయన్నాడు. తుడుచుకున్నాడు. మంచు ఇంకా గట్టిగా ఉందన్నాడు. మేం ఎదురుచూశాం, ఎండ ఎదురుచూడలేదు. ఎడమ గోడ మీంచి గులకరాయంత రాయి ఒకటి ఊడి, టక్ టక్ మంటూ కిందకు పోయింది. రెమో ఆ చప్పుడు చివరిదాకా విన్నాడు. ఇర్మా పేరు ఆ బావిలోకి రాయిలా జారిపోతోందని నలుగురికీ తెలుసు, ఆ వెధవకి కూడా.

"దిగుతావా, తప్పుకుంటావా?" అని అడిగాను.

"తొందరపెట్టకు నేలిదా."

"దిగుతావా, తప్పుకుంటావా?"

వాడు గోర్దో వైపు చూశాడు. గోర్దో మొహం తిప్పుకున్నాడు. అప్పుడు వాడు, మీరు నమ్మరు, స్కీలు వెనక్కి జరుపుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, నేను ఆలోచించాను. మొదటి వంతు నాది. హక్కు నాది. కానీ దాన్ని నీకు ఇచ్చేస్తున్నాను. ఇర్మా కోసం."

ఆ పేరు వాడి నోట్లోంచి విన్నప్పుడు నేను మంచుగొడ్డలిని పక్కన పెట్టేశాను. చేతిలో ఉంటే ప్రమాదమని.

రెమో స్కీలు తొడుక్కుని, అంచు మీద ఒక్క క్షణం ఆగి, దూకాడు.

అతని దిగడంలో సొగసేం లేదు. అరిగిన తుంటి కదా, ప్రతి మలుపుకీ రెండు కాళ్ళూ కలిపి ఎగిరి తిప్పుతున్నాడు, ముసలి ఎద్దు గాడి తప్పకుండా నడిచినట్టు. ఎగిరినప్పుడల్లా మంచు కిందకు బుసబుసా జారుతోంది. బండ మునిగిన చోట ఆగాడు. చాలాసేపు ఆగాడు. మళ్ళీ ఎగిరాడు. తర్వాత సందు వెడల్పయింది, అతని గీత పెద్దదైంది, గుండ్రమైంది. సరస్సు ఒడ్డున చుక్కంత మనిషి ఆగి ఒక కర్ర పైకెత్తాడు. నేను ఏడ్చాను. గోర్దో చూడనట్టు నటించాడు, అతనికీ ముక్కు కారుతోంది.

తర్వాత గోర్దో దిగాడు, నేను దిగాను. రాళ్ళు మా పక్క నుంచే ఈలేసుకుంటూ పోయాయి. ఇంకాస్త ఆలస్యమై ఉంటే రెమోని దిగనిచ్చేవాళ్ళం కాదు.

"నువ్వు?" అని బయల్దేరే ముందు అన్సెల్మోని అడిగాను.

"ఎవరో ఒకరు పైనుంచి కనిపెట్టి ఉండాలిగా" అన్నాడు. కనుమ వెనక వైపు ఆవులు కూడా దిగే మెత్తటి వాలు ఉంది. స్కీలు భుజాన వేసుకుని అటు నడిచి, మధ్యాహ్నం దాటాక చుట్టూ తిరిగి బసకు చేరాడు, ముక్కు ఎండకు ఉడికిపోయి.

మేం బయట బల్ల మీద కూర్చుని ఉన్నాం. బసలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరి రెమోని పేరేమిటని అడిగారు. "ఇర్మా" అన్నాడు రెమో. అంతలో అన్సెల్మో వచ్చి, సంచి కూడా దించకుండా మొదలుపెట్టాడు. "చూశారా మంచు ఎలా ఉందో? నాకు ముందే తెలుసు. నిజానికి వంతు నాది. నేనే ఇచ్చాను. అడగండి, రెమోనే అడగండి." జనం వాడి వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒకాయన భుజం కూడా తట్టాడు.

వాడు ఎప్పట్లా రెమో పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

రెమో ఖాళీ బుర్రా, ఆకు పొట్లం, ఫ్లాస్కూ వాడి ముందుకు జరిపాడు. "ఈ రోజు నువ్వు పొయ్యి."

వాడు నవ్వాడు. "నాకు చెయ్యి తిరగదు పెద్దాయనా."

"తిరుగుతుంది. పొయ్యి."

వాడు ఆకు నింపాడు. నీళ్ళు పోశాడు. బుర్రలో పచ్చటి పొడి నురగలా తేలింది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, అందరికీ వినబడేలా, "మొదటిది నీకే రెమో. ఈ రోజు నీది" అంటూ అందించాడు. గౌరవం చేస్తున్నట్టు. ఆ చేదుని కూడా వాడు దానంలోనే కలిపాడు.

రెమో బుర్ర అందుకున్నాడు. అందులోకి చూశాడు. ఇక తాగేస్తాడనే అనుకున్నాను. నవ్వి తాగేస్తాడు, ఎప్పట్లాగే.

అతను బుర్రను తిప్పి, గొట్టం అన్సెల్మో వైపు వచ్చేలా పట్టుకుని, వాడి చేతుల్లోనే పెట్టాడు.

"మొదటిది పోసినవాడు తాగాలి" అన్నాడు. గొంతు పెంచలేదు. "తాగు అన్సెల్మో. అడుగు దాకా."

వాడు నా వైపు చూశాడు. గోర్దో వైపు చూశాడు. ఊడటానికి బుర్రకు పట్టీ లేదు. తాగాడు. ఒక్కో గుక్కకూ మొహం ముడుచుకుంటూ, గొట్టం గురగురమనే దాకా తాగాడు. వాడి జన్మలో న్యాయంగా దక్కిన మొదటి వంతు అదొక్కటే.

ఆపరేషను అయింది. రెమో మళ్ళీ స్కీ తొడగలేదు. ఇప్పుడు బసకు మెల్లగా నడిచొచ్చి, వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఆ గీతను చూస్తాడు. అన్సెల్మో కూడా వస్తాడు. వాడు రాగానే మాలో ఎవరో ఒకరం మాట్లాడకుండా ఫ్లాస్కు వాడి ముందు పెడతాం. వాడూ మాట్లాడకుండా పోస్తాడు, మొదటిది తాగుతాడు, రెండోది అందిస్తాడు. సంగతి తెలియని కుర్రకారు అది చూసి ముచ్చటపడిపోతున్నారు. ఎంత మర్యాదస్తుడో అంటున్నారు. శిక్షను కూడా మెచ్చుకోలు చేసుకోగలిగిన మనిషిని ఏం చేస్తాం?

ఆ బ్యూనస్ ఏరిస్ అమ్మాయి అన్న మాట రెమోకి చెప్పి, అన్సెల్మోని నాలుగు తిట్టాను. అతను కొత్త తుంటిని పట్టుకుని నవ్వాడు. తర్వాత కిటికీలోంచి సరస్సు అవతలికి చూస్తూ అన్నాడు.

"అననీ నేలిదా. చేదుది మాత్రం వాడే తాగుతున్నాడుగా. నాకది చాలు."